వ్యాయామం అంటేనే ఏడుస్తున్న బాబుకి
రెండేళ్ల బాబు కూర్చుంటున్నాడు కానీ నిలబడట్లేదు, ఫిజియోథెరపిస్ట్ చెప్పినవి ఇంట్లో చేయించబోతే ఏడుస్తున్నాడు అన్నారు కదండీ. వాటిని ఆటలో కలిపేయండి. పాదాలు నేలకు ఆనేలా చిన్న పీట మీద కూర్చోబెట్టి, ఇష్టమైన బొమ్మను మంచం మీద అందీ అందనట్టు పెట్టండి. దానికోసం ముందుకు వంగి లేవడమే మనకు కావలసింది. నడుము దగ్గర ఆసరా ఇవ్వండి, చేతులు పట్టి లాగొద్దు. నిలబడటం అలవాటయ్యాక బొమ్మను పక్కకు జరిపితే మంచం పట్టుకుని అడుగు వేయడానికి చూస్తాడు. విసుగొస్తే ఆపేయండి. పిల్లల్ని కూర్చోబెట్టే చక్రాల బేబీ వాకర్ మాత్రం వద్దు, బంధువులు ఎంత చెప్పినా! అది నడక నేర్పదు, పైగా పడే ప్రమాదం.

ఖర్చు టెన్షన్ ఉంటే పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగా గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాల్లో థెరపీ ఉచితం, మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. బాబు ఇప్పటికే నేర్చుకున్నవి (కూర్చోవడం లాంటివి) మర్చిపోతుంటే మాత్రం వెంటనే పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపించండి.