బుజ్జికి, డిస్కులు ఆరబెట్టే ముందు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. గదిలోకి మందు చల్లి క్రిముల్ని చంపే మెషిన్ల పరీక్ష నీ చేతికి వచ్చిందని అమ్మ చెప్పింది. ఈఎన్ 17272 ముందేసుకుని టెన్షన్ పడుతున్నావట. ఆ యూరప్ ప్రమాణం 2020లో వచ్చింది. అంతకుముందు మేం ఫ్రాన్స్ వాళ్ల ఎన్ఎఫ్ టి 72-281 చూసి చేసేవాళ్లం. చేతికి అలవాటు కావాల్సిన పని మాత్రం అదే.

మామూలు సర్ఫేస్ పరీక్షలో, క్రిములు వేసి ఆరబెట్టిన చిన్న స్టీలు బిళ్ల, అంటే డిస్కు మీద మందును మనమే పోస్తాం. ఇక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ పొగమంచులాగానో ఆవిరిలాగానో బయటికొచ్చి, గదంతా తిరిగి, తనంతట తనే డిస్కును చేరాలి. అందుకే క్రిములున్న వైపు మెషిన్‌కు ఎదురుగా పెట్టకు, వెనక్కి తిప్పిపెట్టు. గది కొలతలు, వేడి, తేమ, ఖర్చయిన మందు, పట్టిన సమయం అన్నీ అప్పటికప్పుడే రాసుకో.

నువ్వు ఎక్కువ భయపడాల్సింది ఆరబెట్టడం గురించి. స్టీలు డిస్కు మీద వేసిన చుక్క అంచుల నుంచి లోపలికి ఆరుతూ వస్తుంది. నడుమ తడి మెరుపు పోయి పల్చటి పొర మిగలగానే తీసెయ్. ఇంకాసేపు ఉంచావా, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఏ మందూ తగలకుండానే చచ్చిపోతుంది. స్టాఫిలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా తట్టుకుంటుంది కానీ సూడోమోనాస్‌కు తడి ఆరడమే ప్రాణగండం. అందుకే లెక్క మొదట వేసిన క్రిముల నుంచి కాదు, కంట్రోల్ డిస్కుల నుంచి కట్టాలి. అంటే మందు లేకుండా అంతే వేడిలో, అంతే తేమలో, అంతసేపూ ఉంచినవి. ఒక లాగ్ తగ్గడమంటే లెక్క పదో వంతుకు పడిపోవడం. బ్యాక్టీరియా 5 లాగ్ తగ్గాలి, స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోయే బ్యాక్టీరియా), ఫంగస్ 4 లాగ్. కంట్రోల్ మీద 10 లక్షలుంటే మందు తర్వాత 10 మించకూడదు. కంట్రోల్ మీదే 50 వేలు మిగిలాయనుకో, 5 లాగ్ చూపించడానికి నీ దగ్గర క్రిములే లేవు. ఆ రోజు పరీక్ష పక్కన పెట్టెయ్, ఎవరు తొందరపెట్టినా సరే. 99.9 శాతం అని డబ్బా మీద రాసుకునేది 3 లాగే. 10 లక్షల్లో ఇంకా వెయ్యి బతికే ఉంటాయి.

నేను మొదట పనిచేసిన ల్యాబులో ఒకసారి ప్లేట్లన్నీ ఖాళీగా వచ్చాయి. ఒక్క కాలనీ, అంటే పెరిగిన క్రిముల చుక్క, లేదు. అందరం సంబరపడ్డాం, మెషిన్ వాళ్లకు ఫోన్ కూడా చేసేశాం. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డిస్కుకు అంటుకున్న పెరాక్సైడ్, మిగిలిన క్రిముల్ని కడిగి తీసే రికవరీ ద్రవం సీసాలో కూడా చంపుతూనే ఉందేమో! మర్నాడు క్రిములు వేయకుండా మందు మాత్రం తగిలిన డిస్కును రికవరీ ద్రవంలో వేసి, లెక్క తెలిసిన కొద్దిపాటి క్రిముల్ని కలిపి చూశాను. సగం కూడా పెరగలేదు. మందు పనిని ఆపే న్యూట్రలైజర్‌లో, పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ అనే ఎంజైమ్ చేర్చి మొత్తం మళ్లీ చేస్తే కాలనీలు బయటపడ్డాయి. మెషిన్ ఫెయిల్. ఆ మొదటి రిపోర్టు సంతకమై వెళ్లి ఉంటే, దాన్ని నమ్మి ఏ ఆసుపత్రి గదిలోనో రోగిని పడుకోబెట్టేవాళ్లు. ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. న్యూట్రలైజర్ పరీక్ష కాకుండా ఒక్క డిస్కు కూడా గదిలో పెట్టకు తల్లీ.

తలుపు తీసేముందు మీటరు చూడు. పెరాక్సైడ్ 1 పీపీఎం (గాలిలో పది లక్షల్లో ఒక వంతు) కిందికి దిగాకే లోపలికి వెళ్లు. వాసన రావట్లేదని నమ్మి వెళ్లొద్దు.

మొదటి బ్యాచ్ కంట్రోల్ లెక్కలు వాట్సాప్‌లో పంపు. సగటు వద్దు, ఒక్కో డిస్కుదీ విడిగా పంపు. చూసి రాత్రి ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ