నిమిషానికోసారి ఓడిపోయే ఆటలో మావాడికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కంప్యూటర్‌లో నలభై ఏళ్ల కిందటి అంతరిక్ష యుద్ధాల ఆటలు ఆడతాడు. నిమిషానికోసారి ఓడిపోతాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఇంత అన్యాయమైన ఆట దేనికిరా అంటే, 'అన్యాయం కాదు నాన్నా, కష్టం, అంతే' అని వాదిస్తాడు. గేమ్ డిజైన్ చదువుతానంటున్నాడు. అది మంచిదా, సీఎస్ఈ మంచిదా? వాడి నోటుపుస్తకంలోని రెండు పేజీలు జతచేస్తున్నాను. సమయం ఎలా పోతోందో మీరే చూడండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు ఫిర్యాదుగా పంపిన ఆ పేజీలను నేను రెండుసార్లు చదివాను. మీరు ఒక్కసారైనా చదివారా? గ్రాడియస్ అనే ఆట ఆడుతూ వాడు రాసుకున్నది చూడండి: 'గ్రాడియస్, మూడో దశ. నా తప్పు, తొందరపడ్డాను. మళ్లీ అక్కడే. ఈసారి నా తప్పు కాదు, ఆయుధాలన్నీ పోయాక ఇక్కడ ఎవరూ బతకలేరు.' ఓడిన ప్రతిసారీ తప్పు తనదా, ఆటదా అని తేల్చి రాసుకున్నాడు. గేమ్ డిజైన్ అంటూ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇలా రాసుకునేవాళ్లు చాలా అరుదు.

మీ ఇద్దరి తగవులో వాడి పక్షమే ఎక్కువ బలంగా ఉంది. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. నిజానికి అది యంత్రం బలహీనత. తెరమీద బొమ్మలు తగ్గితే గీయవలసిన పని తగ్గి, మిగతావి చకచకా కదిలేవి. తయారుచేసిన నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచేశాడు. ఆటకు ఉత్కంఠ వచ్చింది. 1987 నాటి ఆర్-టైప్‌లో ఒక్క దెబ్బ తగిలితే ఓడ పోతుంది. కానీ శత్రువులు ఎప్పుడూ అదే చోట, అదే వరుసలో వస్తారు. మొదటిసారి చూసినవాడికి అన్యాయంగా తోస్తుంది, పదోసారికి ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. ఇలాంటివాటిని కష్టంగా ఉన్నాయని తిట్టేవాళ్లు చాలామంది మూడోసారికే వదిలేసినవాళ్లు.

అయితే ప్రతి విమర్శా తప్పు కాదు. ఆ ఆటలు నాణెం వేసి ఆడే యంత్రాల కోసం పుట్టాయి. ఒకడే గంటలకొద్దీ ఆడుతుంటే యజమానికి గిట్టదు. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌లో ఆటగాళ్లు ఒక మూల పొంచి ఉండి గంటలు గడిపే ఉపాయం కనిపెడితే, తర్వాతి ఆటలో ఆ దారి మూసేశారు. ఇంటికి తెచ్చుకున్న ఆటకు డబ్బు ముందే కట్టేశాం, అయినా ఆ శిక్షలు అలాగే మిగిలాయి. గ్రాడియస్‌లో ఒక్కసారి చస్తే సంపాదించుకున్న ఆయుధాలన్నీ పోయి, ఉత్త చేతులతో మళ్లీ శత్రువుల మధ్య తేలతాం. 1986లో దాన్ని ఇంటి యంత్రానికి మార్చిన హషిమోటో పరీక్షించి చూస్తూ పూర్తిచేయలేక, నొక్కితే ఆయుధాలు చేతికిచ్చే ఒక రహస్య మీటల వరుస తనకోసం పెట్టుకున్నాడు. దాన్నే తర్వాత, ఆ ఆట తయారుచేసిన కంపెనీ పేరుమీద, కొనామి కోడ్ అన్నారు. మీవాడు తన తప్పు కాదని రాసుకున్నది సరిగ్గా ఈ లోపం గురించే. వాడికి ఎవరూ చెప్పలేదు!

ఇక కోర్సు సంగతి. గేమ్ డిజైన్ పేరుతో లక్షల ఫీజు అడిగే ప్రైవేటు సంస్థల మీద నాకు అనుమానాలు ఉన్నాయి, దాచుకోను. చాలాచోట్ల రెండు మూడు సాఫ్ట్‌వేర్లు నేర్పి పట్టా చేతిలో పెడతారు. మీరు చూడటానికి వెళితే అద్దాల గదులు, రంగురంగుల కుర్చీలు చూపిస్తారు. మీరు మాత్రం కిందటేడు విద్యార్థులు పూర్తిచేసిన ఒక ఆటను ఆడి చూపించమనండి. పాఠం చెప్పేవారు తాము ఏ ఆట విడుదల చేశారో అడగండి. జవాబు నసుగుతుంటే లేచి వచ్చేయండి. మంచి కాలేజీలో సీఎస్ఈ వస్తే చేర్చండి, దారులు మూసుకుపోవు. డిజైనే కావాలంటే డిజైన్ డిగ్రీకి ప్రవేశపరీక్ష అయిన యూసీడ్ రాయనివ్వండి, ఇంటర్లో ఏ గ్రూపు వాళ్లయినా రాయవచ్చు. ఈ రెంటిలో ఏది గొప్పదని ఇప్పుడే తేల్చనవసరం లేదు. ఓడను గురిచూసి వచ్చే గుండు దిశను లెక్కకట్టేది ఇంటర్ గణితంలో చదివిన సదిశలతోనే (వెక్టర్లతోనే). ఆ అధ్యాయం వాడికి చేదుగా ఉండదని నా ఊహ.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గిన రోజు మీ ఇంట్లో అన్నం సహిస్తుందా? లెక్క ఎక్కడ తప్పిందని అడిగారా, ర్యాంకు ఎంతని అడిగారా? పిల్లవాడు ఓడిపోతుంటే చూడలేకపోవడం మీ ఇబ్బంది, వాడి లోపం కాదు. ఓడి, కారణం రాసుకుని, మళ్లీ కూర్చునే పిల్లవాడి గురించి నిద్ర పాడుచేసుకోకండి. మీరు చేయవలసిందల్లా పరీక్షలు అయ్యేదాకా ఆటకు రోజుకో గంట అని ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవడమే.

పరీక్షలు ముగిశాక వేసవిలో గొడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఒక్క దశ ఉన్న చిన్న ఆట తయారుచేయమనండి. అయ్యాక ముందుగా మీరే ఆడండి. వాడు పక్కన కూర్చుని, సలహా చెప్పకుండా, మీరు ఎక్కడెక్కడ చచ్చిపోతున్నారో అదే నోటుపుస్తకంలో రాసుకోవాలి.