తగవు అంటే పోట్లాటేనా?

సందేహం: గురువుగారూ, మాది పర్లాకిమిడి. బడిలో చదివింది ఒడియా, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. మొన్న ఛెనాపోడ మిఠాయి పంచుతుంటే తనకి చిన్న ముక్క వచ్చిందని మా తమ్ముడు అదీ వద్దని విసిరేశాడు. నేను కసిరితే మా మామ్మ "వాడన్నది తగవే కదే" అంది. తగవంటే పోట్లాట కాదా? న్యాయబుద్ధి మీద సైకాలజీ వ్యాసం రాస్తున్నాను, అందులో ఈ మాట వాడొచ్చా? తగవా, తగువా?

సమాధానం: మీ మామ్మగారిది పాత తెలుగమ్మా, మంచి తెలుగు. 'తగు' నుంచి వచ్చింది తగవు. తగినది, ఒప్పేది, న్యాయం, ఇవే దాని అసలు అర్థాలు. తీర్పు చెప్పే పెద్దమనిషిని తగవరి అన్నారు. తమిళంలోనూ ఈ మాట ఉంది. తిరుక్కురళ్‌లో పక్షపాతం కూడదని చెప్పే అధ్యాయంలోనే 'తక్కార్, తకవిలర్' అని వస్తుంది, అంటే తగవున్నవాళ్లు, లేనివాళ్లు. తగవు చెప్పమని పెద్దల దగ్గరికి వెళ్లేవాళ్ల పేచీకే తర్వాత ఆ పేరు అంటుకుని ఉంటుంది. 'తగదు' అని రోజూ అంటూనే, టీవీల్లో 'ఇది ఫెయిర్ కాదు' అంటున్నారు, నాకు కష్టంగా ఉంటుంది.

మీ శాస్త్రానికి ఇంతకన్నా సరిపోయే మాట లేదంటాను. 1982లో జర్మనీలో వెర్నర్ గూత్ బృందం ఒక ఆట పెట్టింది. ఒకరు డబ్బు పంచాలి, రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. ఎంతిచ్చినా లాభమే అయినా మరీ తక్కువ వాటాను చాలామంది కాదంటారు, మీ తమ్ముడిలాగే. 2003లో ఏలన్ శాన్‌ఫీ బృందం స్కాన్ తీస్తే, అలాంటి వాటా ఎదురైనప్పుడు మెదడులో ఇన్సులా చురుకైంది, రోత పుట్టినప్పుడూ పనిచేసే చోటు అది. 2006లో డారియా నోక్ బృందం మెదడు ముందుభాగంలో కుడివైపు ఒకచోటును అయస్కాంత శక్తితో కాసేపు మందగింపజేసింది. అప్పుడు చాలామంది 'ఇది అన్యాయం' అంటూనే ఆ డబ్బు తీసుకున్నారు! తగినదేదో తెలియడం వేరు, నష్టపోయైనా దానికోసం పేచీ పెట్టడం వేరు. తెలుగువాడు ఈ రెంటినీ ఒక్క మాటలో పెట్టుకున్నాడు.

తగవు అనే రాయండి. పోట్లాట అర్థంలో తగువు కూడా వాడుకలో స్థిరపడింది, తప్పనలేను. జనం నోటి మాట కోసం గిడుగువారు పోరాడిన ఊరు మీది. శీర్షికలో మాత్రం ఒక్క తగవే పెడితే కొట్లాట అనుకుంటారేమో, పక్కన 'న్యాయం' అని చేర్చడం మేలనిపిస్తుంది.