సూపర్‌వైజర్ "ఇందులో నువ్వు లేవు" అన్నారంటే

థెరపీ శిక్షణలో మీ అనుభవాల గురించి రాసే డైరీ చూసి మీ సూపర్‌వైజర్ ఇలా అన్నారని, ఎందుకని మమ్మల్ని అడిగారు. కారణం: మీ డైరీ నిండా పేషెంటు సంగతులే. అనుభవం నుంచి నేర్చుకోవడానికి విద్యావేత్త గిబ్స్ 1988లో చెప్పిన ఆరు మెట్లలో మొదటిదైన వర్ణన (ఏం జరిగిందో చెప్పడం) దగ్గరే ఆగిపోయారు. మీ పేషెంటు, ఆ బరంపురం పెద్దాయన తాగుడు చూసి మీ నాన్నగారు గుర్తొచ్చారని మాకు రాశారు, డైరీలో రాయలేదు.

1. ఆ రోజే రాయండి. పేషెంటు పేరు వద్దు.

2. మీకు గుర్తొచ్చినదాన్ని ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

3. అందరూ వదిలేసేది ఇదే: ఆ జ్ఞాపకం వల్ల మీరేం చేశారు? ఆయన ఒడియా వదిలి తెలుగులో భార్య గురించి ఎత్తుకోగానే మందుల మాటకు మళ్లించారా? మాది పర్లాకిమిడి. పేషెంటు నోట మా ఊరి యాస వినగానే నేను చకచకా ధైర్యం చెప్పేసేదాన్ని, ఎదుటివాళ్ల ఏడుపు మధ్యలోనే ఆగిపోయేది.

4. ఆ క్షణాన్నే సూపర్‌విజన్‌లో, అంటే సూపర్‌వైజర్‌తో కేసుల గురించి మాట్లాడేటప్పుడు, చెప్పండి. నిద్ర పట్టనంత టెన్షనైతే, మీకూ విడిగా ఒక థెరపిస్ట్ కావాలి.