వ్యోమగాములకు రేడియేషన్ రక్షణ: ఆ చదువుకి ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. అంగారకుడి దాకా వెళ్లే వ్యోమగాములను రేడియేషన్ నుంచి కాపాడే పరిశోధన చేస్తానంటోంది. బీటెక్ ఏరోస్పేస్‌లో చేర్చాలా, బీఎస్సీ ఫిజిక్స్‌లోనా? మన దేశంలో ఉద్యోగాలుంటాయా? రేడియేషన్ దగ్గర పని కదా, రేపు పెళ్లికీ పిల్లలకీ ఇబ్బంది రాదా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీరు చివర్లో రాసిందే మీ అసలు భయం. ముందు దాని సంగతి చూద్దాం. ఈ రంగంలో చాలామంది పని కంప్యూటర్ ముందే. కణాలను అతివేగంగా పరుగెత్తించే యాక్సిలరేటర్ యంత్రం దగ్గర ప్రయోగం చేసినా, బీమ్ (ఆ కణాల ధార) నడుస్తున్నంతసేపు ఆ గదిలోకి ఎవరూ వెళ్లలేరు, తలుపు తెరిస్తే బీమ్ ఆగిపోతుంది. మన దేశంలో రేడియేషన్ ఉద్యోగులకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి అందే రేడియేషన్ డోసుకు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీతో ఎవరికెంత డోసు అందిందో రికార్డవుతుంది. గర్భవతినని చెప్పిన ఉద్యోగిని కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా పని సర్దాలి. మన క్యాన్సర్ ఆస్పత్రుల రేడియోథెరపీ విభాగాల్లో ఎంతోమంది ఆడవాళ్లు ఈ నిబంధనల మధ్యే పనిచేస్తూ పిల్లల్ని పెంచుకుంటున్నారు. కొడుకు అడిగి ఉంటే మీరు ఈ ప్రశ్న రాసేవారా? దయచేసి ఈ భయాన్ని అమ్మాయి మీద రుద్దకండి.

నిజమైన ప్రమాదం వ్యోమగామిది. 2011–12లో అంగారకుడికి వెళ్తూ క్యూరియాసిటీ రోవర్‌లోని రాడ్ పరికరం కొలిచిన డోసు రోజుకి సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లు. రానూపోనూ ప్రయాణానికే దాదాపు 660 అవుతుందని లెక్క తేలింది. నాసా ఒక వ్యోమగామికి మొత్తం ఉద్యోగ జీవితానికి పెట్టిన పరిమితి 600. అంటే అక్కడ దిగి గడిపే రోజులు కలపకముందే హద్దు దాటుతోంది. సీసం గోడ కడితే పోలేదా అనిపిస్తుంది. గెలాక్సీ నుంచి వచ్చే ఇనుము వంటి బరువైన అయాన్లు గోడలోని పరమాణువులకు తగిలి క్యారమ్ బోర్డు మీద బ్రేక్ కొట్టినట్టు చెల్లాచెదురవుతాయి. సీసంలో న్యూట్రాన్లు ఎక్కువగా పుట్టి మనిషి దాకా వస్తాయి. అందుకే హైడ్రోజన్ ఎక్కువున్న పాలిథిలీన్ అనే ప్లాస్టిక్, నీళ్లు మేలు. వాటితో కూడా గెలాక్సీ కిరణాలు పూర్తిగా ఆగవు. సౌర తుఫాను వేరే రకం: కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు ఉంటుంది, నీళ్లూ ఆహారమూ సామానూ చుట్టూ పేర్చుకున్న చిన్న గదిలో దాక్కోవచ్చు. 1972 ఆగస్టులో అలాంటి పెద్ద తుఫాను అపోలో 16కీ 17కీ మధ్య వచ్చింది, అప్పుడు చంద్రుడి దారిలో మనుషులెవరూ లేరు.

ఇప్పుడు ఏరోస్పేస్ గురించి. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పేరులో ఆకాశం ఉంది కాబట్టి తల్లిదండ్రులు లక్షలు కడుతున్నారు. ఆ సిలబస్ ఏరోడైనమిక్స్, ప్రొపల్షన్, స్ట్రక్చర్స్ చుట్టూ తిరుగుతుంది. మీ అమ్మాయికి కావలసిన న్యూక్లియర్ ఫిజిక్స్, డిటెక్టర్లు, రేడియేషన్ బయాలజీ అందులో దాదాపు కనిపించవు. సరైన ల్యాబ్ లేని కాలేజీలో చేరినవాళ్లు చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీల పరీక్షలే రాస్తున్నారు. ‘నాసా టూర్’ ప్యాకేజీలకూ, వారాంతపు స్పేస్ సర్టిఫికెట్లకూ పైసా పెట్టకండి, ఏ ప్రొఫెసరూ వాటిని చూసి సీటివ్వరు. నాసా శాశ్వత ఉద్యోగాలు అమెరికా పౌరులకే. విదేశాలకు వెళ్లాలంటే పీహెచ్‌డీకి జర్మనీలోని జీఎస్‌ఐ, జపాన్‌లోని చిబా వంటి అయాన్ యాక్సిలరేటర్ కేంద్రాలతో కలిసి పనిచేసే విశ్వవిద్యాలయాలు చూడాలి.

కాబట్టి బీఎస్సీ, ఆపైన ఎమ్మెస్సీ ఫిజిక్స్. మన దేశంలో ‘అంతరిక్ష రేడియేషన్’ పేరుతో నోటిఫికేషన్లు పడతాయని ఆశ పెట్టను. గగన్‌యాన్ లక్ష్యం 400 కిలోమీటర్ల ఎత్తులో మూడు రోజులు. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రమే చాలా భాగం కాపాడుతుంది. 2040 నాటికి చంద్రుడి మీదకు మనిషిని పంపాలన్న లక్ష్యం ముందుకు సాగినప్పుడే ఈ నిపుణుల అవసరం పెరుగుతుంది. అప్పటిదాకా ఇదే విద్యకు వేరే చోట్ల గిరాకీ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత ముంబైలోని అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే మెడికల్ ఫిజిసిస్ట్ (రోగులకిచ్చే రేడియేషన్ డోసు లెక్కలు చూసే నిపుణుడు) కావచ్చు. రేడియోథెరపీ నడిపే ప్రతి ఆస్పత్రికీ ఆ మనిషి తప్పనిసరి. హైదరాబాద్‌లోనే రేడియేషన్ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ ఉంది, టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం ఉంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన సూర్యుణ్ని పరిశీలించే ఉపగ్రహం ఆదిత్య ఎల్1లో సౌర కణాలను కొలిచే ఆస్పెక్స్ పరికరం అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ (పీఆర్‌ఎల్)ది. అమ్మాయి దారి మీరనుకున్నంత ఇరుకు కాదు.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఆమె ఆసక్తిని ఇలా పరీక్షించుకోవచ్చు. సీ++ నేర్చుకుని, ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ ఉచితంగా ఇచ్చే జియాంట్4 (కణాలు పదార్థంలో ఎలా ప్రయాణిస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాం) లైనక్స్‌లో పెట్టుకోవాలి. 1 గిగా ఎలక్ట్రాన్‌వోల్ట్ ప్రోటాన్లను ఒకసారి అల్యూమినియం మీదకు, ఒకసారి పాలిథిలీన్ మీదకు వదిలి, వెనక మనిషి శరీరానికి బదులు 30 సెంటీమీటర్ల నీటి దిమ్మె పెట్టి డోసు చూడాలి. కొత్తవాళ్లు రెండింటికీ ఒకే మందం పెట్టేసి పొరపాటు పడతారు. రాకెట్‌కి భారం బరువే కాబట్టి చదరపు సెంటీమీటరుకి 20 గ్రాములని లెక్కపెట్టాలి: అల్యూమినియం సుమారు 7.4 సెంటీమీటర్లు, పాలిథిలీన్ 21 పైచిలుకు. రెండో పొరపాటు, విద్యుదయస్కాంత ప్రక్రియలు మాత్రమే ఉన్న ఫిజిక్స్ లిస్టు (ప్రోగ్రాం ఏయే భౌతిక ప్రక్రియలు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే జాబితా) ఎంచుకోవడం. అప్పుడు న్యూట్రాన్లే పుట్టవు, ఫలితం అబద్ధంగా అందంగా వస్తుంది. హాడ్రాన్ ప్రక్రియలున్న (కణాలు పరమాణు కేంద్రకాలను ఢీకొట్టడాన్ని కూడా లెక్కగట్టే) లిస్టు పెట్టి, రెండు గ్రాఫులూ గీసి, తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీ రాయమనండి. వేసవి ఇంటర్న్‌షిప్ అడుగుతూ ప్రొఫెసర్లకు పంపే మెయిల్‌కి మార్కుల జాబితాతో పాటు ఆ పేజీ కూడా జత చేయాలి.