సూది గుచ్చుకున్న తరువాత చేయవలసినది

మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక సూదికి మూత పెడుతుండగా ఎడమచేతి చూపుడువేలికి గుచ్చుకుందనీ, రోగి తనకు ఏ జబ్బూ లేదన్నాడు కనుక ఊరుకోవచ్చా అనీ అడిగారు. ఊరుకోకూడదు, హెచ్‌ఐవీ గాని, హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) గాని ఉన్న సంగతి చాలామంది రోగులకే తెలియదు.

గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో కడగండి. రక్తం పిండడం, వేలు నోట్లో పెట్టుకోవడం (కంగారులో చాలామంది చేసేది ఇదే) వద్దు. వెంటనే విభాగాధిపతికి తెలిపి, రోగి అంగీకారంతో ఇద్దరికీ రక్తపరీక్షలు చేయించండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే వీలైనంతవరకు 2 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి కనుక, ఫలితాల కోసం కూర్చోకుండా ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి (హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం) వెళ్లండి. అవసరమా కాదా అన్నది అక్కడి వైద్యులు తేలుస్తారు.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయన్నారు, మంచిదే. అయితే ఆ తరువాత యాంటీబాడీల (వైరస్‌ను ఎదుర్కొనేందుకు రక్తంలో తయారయ్యే రక్షక పదార్థాల) పరీక్షలో మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు వచ్చినట్లు రుజువుంటేనే నిశ్చింత. హెపటైటిస్ సి కి టీకా లేదు, తదుపరి పరీక్షలే దిక్కు.

ఇకముందు ఒకే రోగికి మరోసారి ఇంజెక్షన్ ఇవ్వవలసి వచ్చి మూత తప్పనిసరైతే, మూతను ట్రేలో పడుకోబెట్టి, ఒంటిచేత్తోనే సూదిని అందులోకి దూర్చండి. రెండో చేయి దగ్గరికే రాకూడదు.