కువైట్‌లో ఇంటిపనికి పోయే ఆడమనిషికి మనవాళ్ల తోడు దొరుకుతుందా?

తమ్ముడూ, మీ వదిన వచ్చే నెల ప్రొద్దుటూరు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోతోందని, అక్కడ చుట్టాలెవరూ లేరని, తెలుగు సంఘాలు తోడుంటాయా అని అడిగావు. నేను 2014లో కడప నుంచి ఖద్దామా (ఇంటిపని మనిషి) వీసా మీద పోయి, ఏడేళ్లు ఒకే ఇంట్లో పనిచేసి వచ్చినదాన్ని. తోడుంటారు. కానీ ఆ తోడు గేటు బయట ఉంటుంది, మీ వదిన గేటు లోపల ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే.

కంపెనీ పనికి పోయిన మగవాళ్లకు శుక్రవారం సెలవు. కువైట్ సిటీలో మనవాళ్లు కలుసుకునే మాలియాకు పోతే రాయచోటి, రాజంపేట మాటలే చెవిన పడతాయి. ఎవరో ఒకరి రూములో సంగటి కూడా దొరుకుతుంది. నాకు మాత్రం మొదటి నాలుగు నెలలు సెలవే ఇవ్వలేదు. రాత్రి పదిన్నరకు పని ముగించి ఫోన్ పట్టుకుంటే మనకు ఒంటిగంట. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు.

ఆ నాలుగు నెలలు నన్ను నిలబెట్టింది ఏ సంఘమూ కాదు, పక్కింట్లో పనిచేసే శ్రీలంక ఆమె. ఇద్దరం చెత్త పారేయడానికి వచ్చే టైము ఒకటే. ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లోనే 'జీబ్' అంటే తీసుకురా, 'రూహ్' అంటే పో అని నేర్పింది. మా మేడమ్ 'సుక్కర్ మాఫీ' అంటే చక్కెర విషయంలో నేనేదో తప్పు చేశాననీ, క్షమించేసిందనీ అనుకున్నా. మనకు తెలిసిన మాఫీ రుణమాఫీ ఒక్కటే కదా! అక్కడ మాఫీ అంటే 'లేదు' అని. చక్కెర అయిపోయిందని రెండు రోజులు అరుస్తుంటే నేను తలూపుతూ కూర్చున్నా.

ఇంకొకరు ఆ ఇంటి డ్రైవరు, రాయచోటి అన్న. ఆయన నా సంగతి మనవాళ్ల రూములో చెబితే, అక్కడి ఆడవాళ్లు ఒక సిమ్ కార్డు, డబ్బా నిండా శెనక్కాయల పొడి పంపారు. ఐదో నెలలో సెలవిచ్చాక వాళ్లే నన్ను కువైట్ సిటీలో చర్చి కాంపౌండుకు తీసుకుపోయారు. శుక్రవారం అక్కడ తెలుగులో ప్రార్థన జరుగుతుంది. మేము దేవుని కడప గుడికి పోయేవాళ్లం, అయినా అంతమంది ఒక్కసారిగా తెలుగులో పాడుతుంటే ఏడుపు ఆగలేదు. మీ వదిన ఏ దేవుణ్ణి మొక్కినా ఒకసారి అక్కడికి పొమ్మను.

ఇక సంఘాల సంగతి. ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపడం, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసుకోవడం, టికెట్టుకు చందాలు వేయడం, ఎంబసీకి తోడు రావడం, ఇవి బాగా చేస్తారు. సేటు (పనిలో పెట్టుకున్న యజమాని) ఇంటికి వచ్చి జీతం గురించి తగాదా పడలేరు, అది ఆశించవద్దు. ఇల్లు వదిలి బయటపడాల్సి వస్తే నేరుగా మన ఎంబసీకే పోవాలి. ఇలాంటి ఆడవాళ్ల కోసం అక్కడ షెల్టర్ ఉంది.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ముంచేది కూడా ఒక్కోసారి మనవాళ్లే. "ఆ ఇంట్లో ఎందుకు చావడం, కల్లివెల్లి అయిపో (అంటే సేటుకు చెప్పకుండా పారిపో), బయట రెట్టింపు సంపాదిస్తావు" అని మాకు తెలిసినామెకు చెప్పింది సొంత ఊరివాడే. ఆమె వచ్చేసింది. సేటు పరారీ కేసు పెట్టాడు. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పోయింది, జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోవడానికి భయం. చివరికి 2018లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా ఇల్లు చేరింది. రూములో పరిచయమైన అన్నలందరూ అన్నలు కాదు తమ్ముడూ.

పోకముందే చూడాల్సినవి ఉన్నాయి. ఇంటిపని వీసా మీద ఆర్టికల్ 20 అని ఉంటుంది. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే ఏజెంటును నమ్మొద్దు. పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన రకం) అయితే ఆమెకు 30 ఏళ్లు నిండి ఉండాలి, ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో క్లియరెన్సు రావాలి. రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంక్యాప్ అని సంస్థ ఉంది, ముందు అక్కడ కనుక్కో. ప్రవాసీ భారతీయ బీమా కట్టడం మరవొద్దు, రెండేళ్లకు 275 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి.

అక్కడ 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు సేటు దగ్గర పెట్టుకోకూడదు. మా ఇంట్లో ఇవేవీ మొదట్లో జరగలేదు. కానీ ఈ చట్టం ఉందని తెలిశాక ప్రతి వారం సెలవు అడగడానికి నాకు నోరు లేచింది.

పాస్‌పోర్టు, వీసా కాపీలు మీ దగ్గర ఒక సెట్టు పెట్టుకోండి. బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) చేతికి రాగానే దాని ఫోటో కూడా పంపమను. ఎంబసీ నంబరు, మనవాళ్లలో ఒక ఆడమనిషి నంబరు కాగితం మీద రాసి బట్టల్లో దాచుకోమను. ఫోన్ లాక్కున్నా కాగితం ఉంటుంది. వారానికి ఒకరోజు ఆమె పని అయ్యే టైముకు మీలో ఒకరు మేలుకుని ఉండండి.

సేటు ఇల్లు ఏ ఏరియానో తెలిస్తే చెప్పు. సాల్మియా, హవల్లి వైపు అయితే నాతో పనిచేసినవాళ్లు ఇద్దరు ఇంకా అక్కడే ఉన్నారు, అడిగి చూస్తాను.